వీణను కొనబోవువారికి

పిల్లకు సంగీతము చెప్పింపవలెనను ముచ్చటతో అంగడికి బోయి, అద్దాల బీరువాలో మెఱయుచున్న వీణను చూచి, మెఱపునకే మురిసి కొని తెచ్చుకొను గృహములు మన నెల్లూరు సీమలో కలవు. రెండు వేసవులు గడచునప్పటికి ఆ వీణ గవిసెనలోనుండి వెలికి రాదు. పిల్లకు శ్రద్ధ లేదని తల్లి వగచును. కొన్ని యెడల అది నిజమే కావచ్చును. కాని పెక్కు తావుల దోషము పిల్లయందు గాక మైనమునందున్నదని చెప్పినచో సోదరీమణులు నవ్వకుందురు గాక.

వీణకు మెట్లు 24. దండిమీద పొడవునా ఇరుప్రక్కల మైనపు కట్టలు పోసి, వానిపై ఈ లోహపు మెట్లను నిలుపుదురు. ఆ మైనము తేనెమైనమును నల్లపొడితో కలిపి కాచినది. ఈ పనినే మేళము కట్టుట యందురు. మీటు తంత్రులు 4, ప్రక్కనుండు తాళపు తంత్రులు 3. స్థాయికి 12 మెట్ల చొప్పున ఒక్కొక్క మీటు తంత్రిపై రెండు స్థాయులు పలుకును. ఏ మెట్టు ఎచ్చట నిలువవలెనో కొలబద్ద కొంతవఱకే చెప్పును. తక్కినది చెవి చెప్పవలెను. మెట్టు వెంట్రుకవాసి జరిగినను గాంధారము గాంధారముగా నుండదు. అట్టి వీణపై నేర్చు పిల్ల తప్పు స్వరమునే ఒప్పనుకొని అభ్యసించును. లేదా, చెవి మంచిదైనచో, విసిగి విడిచిపెట్టును. చెవి బాగుగా నున్న పిల్లయే ముందుగా వీణను విడుచుట విచిత్రము గాదు.

నారదుని మహతి, సరస్వతి కచ్ఛపి, తుంబురుని కళావతి యని పురాణములు చదివినవారమే గాని, నేడు మన చేతి కందుచున్న వీణకు ఈ రూపమెప్పుడు వచ్చినదో మనలో పెక్కుమంది విచారింపరు. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధియందు వీణాభేదములను వివరించెను. తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున, అనగా 1600కును 1634కును నడుమ, 24 మెట్లను స్థిరముగా నిలిపి, మెట్లు జరుపకయే ఎల్ల రాగములను వాయించు వీణ యేర్పడినదని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. ఆ నాయకుడు తెలుగున కావ్యములు రచించినవాడు. కావున ఈ వీణ మనకు పొరుగింటి వస్తువు కాదు.

తెలుగుదేశమున వీణలకు పేరొందిన తావు విజయనగరము జిల్లాలోని బొబ్బిలి. 1757నాటి యుద్ధముచేత ఆ పేరెఱుగనివారు లేరు. వీణచేత ఎఱిగినవారు తక్కువ. ఆ పట్టణమునకు చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారను శిల్పుల కుటుంబములు తరతరములుగా ఈ పనియందే యున్నవి. నూజివీటియందును వీణలు చేయువారు కలరు. తంజావూరు సంగతి చెప్పనక్కఱలేదు. బొబ్బిలి వీణకును తంజావూరు వీణకును ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు లభించినది. దానివలన ఇతరులు ఆ పేరు పెట్టి అమ్ముకొనరాదు, మంచిదే. కాని పేరును కాపాడుటయు పనివాని కడుపు నింపుటయు ఒక్కటి కాదు.

నెల్లూరునుండి హౌరా మార్గపు రైలెక్కి, 600 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణముచేసి విజయనగరమున దిగి, అక్కడనుండి రాయపూరు మార్గమున బొబ్బిలి చేరవలెను. ఇంత దూరమేల యని నన్నడిగినవారు కలరు. పూర్తిగా ముస్తాబైన వీణలో కొనువారికి కనబడునది రంగును నగిషీయును మాత్రమే. మ్రాను పచ్చిదో పండినదో, అతుకు లెన్నియో, బొల్లు ఎక్కడ పూడ్చిరో, ఆ రంగు క్రింద నుండును. శిల్పి ముంగిట, చెక్కుడు ముగిసి పూత వేయక పూర్వము చూచినచో ఆ మ్రానే తన చరిత్ర చెప్పును.

వీణకు పనసమ్రాను శ్రేష్ఠము. ముదిరిన చెట్టు కావలెను. కొట్టిన పిదప చాలకాలము ఆరవలెను. మా తీరమున సరుగుడు తోపులకును తాళ్ళకును కొదువలేదు గాని, అవి యీ పనికి రావు. కాయయు దండియు యాళిముఖమును ఒక్క దూలమునుండియే తొలిచిన దానిని ఏకాండ వీణ యందురు. వేర్వేఱుగ చెక్కి కూర్చినవి అతుకుల వీణలు. అతుకుల వీణ యంతయు చెడ్డదని నేననను. నేర్పరి కూర్చినది మొదట నేర్చుకొను పిల్లకు చాలును. ఏకాండమున మాత్రము నాదము అడ్డులేక ప్రాకును. ఒక దుంగను ఉలితో తొలిచి, లోపలి గోడ ఎంత పలుచన కావలెనో చేతి స్పర్శచేతనే నిర్ణయించుట చూచినచో, మన ఉదయగిరిలో కొయ్యగరిటెలు చెక్కువారి చేతి నేర్పు జ్ఞప్తికి వచ్చును.

అరబ్బుల వాద్యము ఊద్ అనునది దీనికి దూరపు చుట్టము. దాని పద్ధతి వేఱు: పలుచని చెక్కబద్దలను వేడిచేత వంచి, ఒకదానిప్రక్క నొకటి అంటించి గర్భము కట్టుదురు, మెట్లే యుండవు. 2022లో యునెస్కోవారు ఇరాను, సిరియా దేశములలో ఊద్‌ను చేయు, వాయించు విద్యను మానవజాతి వారసత్వముగా చేర్చుకొనిరి. ఊద్ అనగా ఆ భాషలో కొయ్యయే. మన పూజామందిరములోని ఊదువత్తికి పేరు వచ్చినదియు సుగంధపు కొయ్యనుబట్టి ఆ మాటనుండియే.

గొల్లపల్లిలో మేము చూచినది చెప్పెదను. ఒక వృద్ధ శిల్పి మైనమును కాచి కట్టలు పోసి, అది ఇంకను మెత్తగా నున్నప్పుడే మెట్టును నిలిపి, మీటి, విని, బొటనవ్రేలితో ఒకింత జరిపి, మరల మీటి విని, తల పంకించి, అప్పుడు గాని రెండవ మెట్టును తాకలేదు. మాటలాడ లేదు, మమ్ముల నాడనీయలేదు. మధ్యాహ్నమైనను మేళము సగము కాలేదు. తుదకు నావైపు తిరిగి, “అమ్మా, మెరుగు చూడకండి, మోగించి చూడండి” అనెను. ఆ మాటకంటె మంచి ఉపదేశము ఏ పుస్తకమునను చదువలేదు.

మోగించి చూచుట యెట్లనగా: కాయను వ్రేలి కణుపుతో తట్టినప్పుడు మొద్దుగా గాక కంఠమువలె పలుకవలెను. విడితంత్రిని మీటి, పండ్రెండవ మెట్టున నొక్కి మీటినచో సరిగా ఆ స్వరమే పై స్థాయిలో రావలెను. ఇది నాలుగు తంత్రులకును చూడుడు. తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికించినప్పుడు మెట్టు కదలరాదు, చిరచిర లాడరాదు. గుఱ్ఱముపైని లోహపు రేకునుండి వచ్చు సన్నని జీరను మాత్రము దోషమని భ్రమింపకుడు, వీణకు ప్రాణమదే. మీకు సంగీతము రాకున్నచో వచ్చినవారిని వెంటగొని పొండు. మొగమాటము వలదు.

వెల నిచ్చట వ్రాయను, ఏటేట మారుచుండును. దంతపు నగిషీ యని ఎవరైన చెప్పి ఎక్కువ అడిగినచో నమ్మకుడు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1986లో సవరించిన పిదప దంతపు వర్తకము నిషిద్ధము. నగిషీకి తగ్గించి, మ్రానుకును మేళమునకును ఇచ్చుటయే గృహిణి లెక్క.

బేరము ముగిసినంతమాత్రమున వీణ కొనుట ముగియదు. మా తీరమున రోహిణికార్తె యెండకు మైనము మెత్తబడును, మెట్లు క్రుంగును. సముద్రపు గాలికి ఉక్కు తంత్రులు త్రుప్పు పట్టును. తంత్రులు మనమే మార్చుకొనవచ్చును గాని, మేళము చెదరినచో దానిని తిరిగి కట్టుటకు చెవియు చేయియు గల మనిషి కావలెను. కొన్ని యేండ్ల కొకసారి ఏ వీణకైనను ఆ యవసరము తప్పదు. ఆ మనిషి లేనినాడు ఏకాండ వీణయు గోడకు అలంకారమే. గొల్లపల్లిలో నా మనస్సును కలచినదిదే. చిన్నవాండ్రు ఇతర ఉద్యోగములకు పోవుచున్నారనియు, ముదిరిన పనస దొరకుట కష్టమనియు అచ్చటివారు చెప్పిరి. సభలలో కానుకగా నిచ్చు జానెడు వీణలు పలుకవు. వానిని చూచి నేను మొదట పెదవి విఱిచితిని గాని, వాని రాబడితోనే పొయ్యి వెలుగు ఇండ్లున్నవని విని ఊరకుంటిని. అయినను బొమ్మవీణకు మేళము కట్టనక్కఱలేదు. అది చేసినంతకాలము ఆ చెవికి పనిలేదు. కావున వీణ నెన్నుకొనునప్పుడు, మీ ఇంట మేళము కట్టనేర్చిన చిన్నవా డెవడని కూడ అడుగుడు. అతని టెలిఫోను సంఖ్యను వ్రాసికొనుడు. మీ ఊరిలో వీణలున్న ఇండ్లు నాలుగైదు కూడినచో, ప్రయాణపు ఖర్చు లిచ్చి అతనినే ఒకసారి రప్పించి అన్నింటికిని మేళము కట్టించుకొనవచ్చును. నాలుగు వీణలను రైలెక్కించుటకంటె ఇది చౌక, క్షేమము.

ఇంట వీణను పొయ్యికి దూరముగా, ఎండ సోకని గదిలో ఉంచుడు. వాయించిన పిదప పొడిగుడ్డతో తంత్రులను తుడువుడు. కొత్త వీణను తెచ్చునప్పుడు తంత్రులను కొంచెము సడలించి, మెట్లపై మెత్తని గుడ్డ పఱచి, గవిసెన తొడిగి, క్రింది బల్లమీదనే పరుండబెట్టుడు. కిటికీప్రక్కను వలదు, మధ్యాహ్నపు ఎండ ఆ ప్రక్కనే పడుచుండును.