అండాశయంలో ఈస్ట్రోజన్ జన్యువు క్రియాశీలమయ్యే విధానం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
మన దేహకణాల కేంద్రకాలలో దాదాపు ఒకే జన్యుసంపద ఉంటుంది. అయినప్పటికీ రుతుచక్రం కొనసాగే వయసులో ఈస్ట్రోజన్ ఉత్పత్తికి ప్రధాన స్థానం అండాశయమే. ఆండ్రోజన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చే ఎంజైమ్ అరోమటేజ్. దీనిని సంకేతించే సీవైపీ19ఏ1 జన్యువు 15వ క్రోమోసోమ్‌పై ఉంది. ఈ జన్యువు అండాశయంలో ఎలా మేల్కొంటుందో, ఆ జ్ఞానం వైద్యానికి ఎందుకు అవసరమో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

రెండు కణాల శ్రమవిభజన:
అండపుటికలో వెలుపలి థీకా కణాలు ఎల్‌హెచ్ ప్రేరణతో కొలెస్ట్రాల్ నుండి ఆండ్రోజన్‌ను తయారుచేస్తాయి. అది లోపలి గ్రాన్యులోసా కణాలను చేరిన తరువాత, ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రేరణతో ఏర్పడిన అరోమటేజ్ దానిని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఈ పనిని ఏ ఒక్క కణరకమూ ఒంటరిగా సమర్థంగా నిర్వహించలేదు.

సంకేతం జన్యువును చేరే క్రమం:
ఎఫ్‌ఎస్‌హెచ్ కణంలోనికి ప్రవేశించదు. కణత్వచంపై ఉన్న గ్రాహకానికి బంధితమై, లోపల సైక్లిక్ ఏఎంపీ స్థాయిని పెంచుతుంది. దానివల్ల ప్రోటీన్ కైనేజ్-ఏ ఉత్తేజితమై, క్రెబ్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్‌ను చేరుస్తుంది. క్రెబ్ ఈ జన్యువులోని ‘ప్రమోటర్-2’ అనే నియంత్రణ భాగంపై పనిచేస్తుంది. దాని సమీపంలోనే ఎస్‌ఎఫ్-1 లేదా ఎల్‌ఆర్‌హెచ్-1 అనే ప్రోటీన్ కూడా బంధితం కావాలి. అప్పుడే అనులేఖనం బలంగా సాగుతుంది. 1992లో కీత్ పార్కర్ బృందం అమెరికాలోనూ, మొరొహాషి బృందం జపాన్‌లోనూ ఎస్‌ఎఫ్-1ను వేర్వేరుగా గుర్తించాయి.

బ్యాంకు లాకరు తెరవడానికి బ్యాంకు తాళంచెవి, ఖాతాదారు తాళంచెవి రెండూ కావాలి. ఇక్కడి ఏర్పాటూ అటువంటిదే. ఎస్‌ఎఫ్-1 ‘ఇది స్టిరాయిడ్ తయారుచేసే కణం’ అని తెలుపుతుంది. క్రెబ్ ‘ఇదే తగిన సమయం’ అని తెలుపుతుంది.

ఒకే జన్యువు – పలు ప్రమోటర్లు:
ఇదే జన్యువును జరాయువు ప్రమోటర్-1.1 ద్వారా, కొవ్వు కణజాలం ప్రధానంగా ప్రమోటర్-1.4 ద్వారా మేల్కొలుపుతాయి. ప్రారంభస్థానాలు వేరైనా, మారే తొలి ఎక్సాన్ ప్రోటీన్‌గా అనువదింపబడదు. కనుక అన్నిచోట్లా ఏర్పడే ఎంజైమ్ ఒక్కటే.

వైద్యపరమైన ప్రాముఖ్యం:
రొమ్ము క్యాన్సర్‌లో కణితి పరిసరాల కొవ్వు కణజాలం ప్రమోటర్-1.3తో పాటు అండాశయపు ప్రమోటర్-2ను కూడా వినియోగించుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్-ఈ2 అక్కడ సైక్లిక్ ఏఎంపీని పెంచడమే ఇందుకు ఒక ముఖ్య కారణం. ఎండోమెట్రియోసిస్‌లో సాధారణంగా గర్భాశయ లోపొరలో ఉండని ఎస్‌ఎఫ్-1, దారితప్పి పెరిగిన కణజాలంలో కనిపిస్తుంది. అంటే తాళంచెవులు చేరరాని చోటికి చేరుతున్నాయి.

లెట్రోజోల్ వంటి ఔషధాలు నిరోధించేది ఎంజైమ్‌ను, ప్రమోటర్‌ను కాదు. అందువల్ల కణితిలోనే గాక దేహమంతటా ఈస్ట్రోజన్ తగ్గి, ఎముకల సాంద్రత క్షీణిస్తుంది.

ముగింపు:
జన్యువు ఒక్కటే అయినా దానిని మేల్కొలిపే మార్గాలు అనేకం. వ్యాధిగ్రస్త కణజాలంలోని మార్గాన్ని మాత్రమే మూసి, ఎముకలోని మార్గాన్ని తెరచి ఉంచగలగడమే ఈ రంగంలోని పరిశోధకుల ముందున్న సవాలు.