పండుకు శాస్త్రవేత్త ఉన్నాడు, కోసే కూలీకి ఎవరున్నారు?

స్ట్రాబెర్రీ పండును మన కూలి సోదరుల్లో చాలామంది చేత్తో పట్టుకుని ఉండరు. ఐస్‌క్రీం డబ్బా మీద బొమ్మగా చూసి ఉంటారంతే. మొక్క జానెడు ఎత్తు. కాయ నేలకు ఆనుకుని కాస్తుంది. ఎర్రగా, మెత్తగా ఉంటుంది, కాస్త గట్టిగా పట్టుకుంటే నలిగిపోతుంది. అందుకే ఈనాటికీ దాన్ని మనిషే కోయాలి, అదీ పొద్దస్తమానం నడుం వంచి. మనకు సంబంధం లేని ఆ పండు గొడవ మనకెందుకంటారా? విశ్వవిద్యాలయంలో జరిగే పరిశోధన అందరి సొత్తు అని పెద్దలు సభల్లో చెబుతుంటారు. ఆ మాట ఎంత నిజమో తూచి చూడటానికి ఈ పండు మంచి తక్కెడ.

అమెరికాలో పండే స్ట్రాబెర్రీలో పదింట తొమ్మిది వంతులు ఒక్క కాలిఫోర్నియా రాష్ట్రంలోనే పండుతాయి. వాట్సన్‌విల్, సాలినాస్, శాంటా మరియా, ఆక్స్‌నార్డ్ - ఇవన్నీ సముద్రపు చల్లగాలి తగిలే ప్రాంతాలు. కోసేది ఎక్కువగా మెక్సికో నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. వారిలో మిస్టెక్, ట్రికీ వంటి గిరిజన భాషలు మాట్లాడే వాళ్ళు చాలామంది. గాలి, నేల, చవక కూలి - ఈ మూడింటితోనే ఇంత పంట రాలేదు. నాలుగోది విశ్వవిద్యాలయం.

ఆ దేశంలో 1862 చట్టంతో ప్రభుత్వ భూములిచ్చి వ్యవసాయ కళాశాలలకు పునాది వేశారు. 1887 చట్టంతో పరిశోధనా కేంద్రాలు వచ్చాయి. 1914 చట్టంతో, కనిపెట్టిన సంగతి పొలానికి చేర్చే విస్తరణ వ్యవస్థ వచ్చింది. అంటే జిల్లాకో సలహాదారు. ఆకు మచ్చపడితే వచ్చి చూస్తాడు, వేరు కుళ్ళితే ప్రయోగశాలకు పంపిస్తాడు, ఏ రకం ఎప్పుడు నాటాలో చెబుతాడు. జీతం ప్రజల పన్నులోంచి. మంచి ఏర్పాటే, కాదనం. మరి ఆయన కారు దిగేది ఎవరి గేటు దగ్గర?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1945లో షాస్టా, లాసెన్ వంటి కొత్త స్ట్రాబెర్రీ రకాలు విడుదల చేసింది. ఆ తర్వాత చాండ్లర్, కామరోసా, ఆల్బియన్ వచ్చాయి. చాండ్లర్, కామరోసా మన మహాబలేశ్వరం దాకా ప్రయాణం చేశాయి. రకాలతోపాటు మరో ఘనకార్యం కూడా జరిగింది. నేలలో ఒక శిలీంధ్రం చేరి మొక్కను వడలగొట్టేది. దానికి విరుగుడుగా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ విల్‌హెల్మ్, ఆయన సహచరులు 1950లు, 60లలో ఒక పద్ధతి తేల్చారు. నాటడానికి ముందు నేలలోకి మిథైల్ బ్రోమైడ్, క్లోరోపిక్రిన్ అనే విషవాయువులు ఎక్కించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పడం. శిలీంధ్రం చచ్చింది, పురుగు చచ్చింది, కలుపు గింజ కూడా చచ్చింది. ఏటేటా అదే నేలలో అదే పంట వేయొచ్చు. దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. క్లోరోపిక్రిన్ అంటే ఏమనుకున్నారు? మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువుల్లో అదొకటి! దాన్ని ఈనాటికీ అక్కడి పొలాల్లో వాడుతున్నారు.

మిథైల్ బ్రోమైడ్ నరాలను దెబ్బతీసే విషం. ఆకాశంలోని ఓజోన్ పొరను కూడా తింటుందని తేలాక సంపన్న దేశాలన్నీ 2005 నాటికి మానెయ్యాలని ఒప్పందమైంది. స్ట్రాబెర్రీ యజమానులు "మాకు తప్పదు" అంటూ ఏటా మినహాయింపు తెచ్చుకుని 2016 దాకా లాగించారు. దాని స్థానంలో మిథైల్ అయొడైడ్ తెచ్చారు. అది క్యాన్సర్ కలిగించే రసాయనాల జాబితాలో ఉన్నది. తాను పిలిపించిన శాస్త్రజ్ఞుల సంఘమే వద్దని హెచ్చరించినా, రాష్ట్ర ప్రభుత్వం 2010 డిసెంబరులో అనుమతి ఇచ్చేసింది. కూలీలు, పర్యావరణవాదులు వీధికెక్కారు, కోర్టుకెక్కారు. 2012 మార్చిలో కంపెనీ తనంతట తానే సరుకు వెనక్కి తీసుకుంది.

ఇక్కడ న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. అదే విశ్వవిద్యాలయంలో కూలీల పక్షాన చూసినవాళ్ళూ ఉన్నారు. బర్క్‌లీలోని ఆచార్యులు 1999-2000 నుంచి సాలినాస్ లోయలో సుమారు 600 మంది గర్భిణులను, ఆ తర్వాత వాళ్ళ పిల్లలను ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఎక్కువమంది వ్యవసాయ కూలి కుటుంబాలవాళ్ళే. తల్లి కడుపులో ఉండగా ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందుల ప్రభావం ఎక్కువగా పడ్డ పిల్లలు ఏడేళ్ళ వయసుకు తెలివితేటల పరీక్షలో సగటున 7 పాయింట్లు వెనకబడ్డారని 2011లో ప్రకటించారు. మన పత్తి, మిరప చేలల్లో ఏళ్ళ తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్ ఆ జాతి మందే. మందు కొట్టినోడు మగాడైనా, మర్నాడు ఆ చేలో కాయ ఏరేది ఆడకూతురే.

కాబట్టి శాస్త్రం చెడ్డదని మేము అనడం లేదు. శాస్త్రానికి ప్రశ్న ఎవరు వేస్తున్నారన్నదే మా గొడవ. అదే విశ్వవిద్యాలయం మీద పడ్డ రెండు దావాలు చూస్తే ఇది అరటిపండు ఒలిచినట్టు అర్థమవుతుంది.

మొదటిది టమాటా దావా. ఆ విశ్వవిద్యాలయమే టమాటా కోసే యంత్రం తయారుచేసింది, యంత్రం దెబ్బకు నలగని గట్టి టమాటా రకమూ సృష్టించింది. 1964లో యంత్రం కోసింది నామమాత్రం. 1970 నాటికి ఫ్యాక్టరీకి పోయే టమాటా దాదాపు మొత్తం యంత్రమే కోసింది. సుమారు 4,000 మంది టమాటా రైతుల్లో 1973 నాటికి మిగిలింది 600 మంది. యంత్రం కొనగలిగినోడు నిలిచాడు, చిన్న రైతు పోయాడు, వేలాది కూలీల పని పోయింది. 1979లో ఒక చిన్నరైతుల సంఘం, 19 మంది కూలీలు కలిసి కోర్టుకు వెళ్ళారు. ప్రజల సొమ్ముతో చేసే పరిశోధన మా నోట్లో మట్టి కొట్టడానికా అని అడిగారు. పరిశోధన మొదలుపెట్టే ముందు చిన్న రైతుల మేలు కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి ఒకటి పెట్టండని 1987లో కింది కోర్టు చెప్పింది. అది కూడా విశ్వవిద్యాలయానికి బరువైంది. అప్పీలుకు పోయింది. 1989లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. పదేళ్ళు తిరిగి కూలీలు ఖాళీ చేతులతో ఇంటికొచ్చారు.

రెండోది స్ట్రాబెర్రీ దావా. కొత్త రకాలు సృష్టించే ఇద్దరు శాస్త్రవేత్తలు బయటికి పోయి సొంత కంపెనీ పెట్టుకునే ఆలోచనలో పడ్డారు. పరిశోధనకు ఏటా డబ్బు కడుతూ వస్తున్న స్ట్రాబెర్రీ సాగుదార్ల కమిషన్ ఉలిక్కిపడింది. మా మొక్కలు, మా కార్యక్రమం ఏమైపోవాలి అంటూ 2013లో విశ్వవిద్యాలయం మీదే దావా వేసింది. 2015 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. కార్యక్రమం నిలబడింది, కొత్త శాస్త్రవేత్త వచ్చాడు, సాగుదార్ల మాట వినడానికి ఏర్పాటూ జరిగింది. బయటికి పోయిన వాళ్ళ కంపెనీ మీద 2017లో జ్యూరీ తీర్పు కూడా వచ్చింది. పండు యజమాని తలుపు తడితే ఏడాదిన్నరలో తెరుచుకుంది!

మరి కూలీలు సాధించుకున్నది ఏమైనా ఉందా అంటే, ఉంది. పొట్టి పిడి పారతో నడుం విరిగేలా కలుపు తీయించేవారు. నడుం ఎత్తినోడెవడో మేస్త్రీకి దూరం నుంచే కనబడేది, అదీ దాని సుగుణం. కూలీల తరఫు లాయర్లు పోరాడగా 1975లో ఆ పారను నిషేధించారు. పొడుగు పిడి పారతోనూ పంట పండింది. 1996లో వ్యవసాయ కార్మిక సంఘం ఒక లెక్క చెప్పింది. చిన్న బుట్టకు ఐదు సెంట్లు పెంచి కూలీకిస్తే కూలి సగం పెరుగుతుందని. ఈ లెక్క కట్టడానికి ఆచార్యుడు అక్కర్లేకపోయాడు. 1997 ఏప్రిల్‌లో వాట్సన్‌విల్ వీధుల్లో వేలమంది ఊరేగింపు తీశారు. ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రంలో బెర్రీ కూలీలు 2013లో పని ఆపారు, బహిష్కరణ ఉద్యమం నడిపి 2017లో యూనియన్ ఒప్పందం సాధించారు. వారిలో కొన్ని కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి తామే బెర్రీ సాగుకు దిగాయి.

ఇదంతా సముద్రాల అవతలి సంగతని తోసెయ్యడానికి లేదు. మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో పుట్టింది ఆ అచ్చులోనే, అమెరికా సాయంతో, కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం నిపుణుల సలహాతో. 1996లో దానికి రైతు నాయకుడు ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు ప్రొఫెసర్ జయశంకర్ పేరిట వేరే విశ్వవిద్యాలయం వచ్చింది. పేర్లు మారాయి. విస్తరణాధికారి జీపు ఇప్పటికీ పెద్ద రైతు అరుగు దగ్గర ఆగినంత సులువుగా కూలిపేటలో ఆగడం మేము చూడలేదు.

ఇప్పుడు మన లంబసింగి కొండల్లోనూ స్ట్రాబెర్రీ మడులు వెలిశాయి. చలికాలం షికారుకొచ్చినవాళ్ళు వాటి పక్కన ఫోటోలు దిగుతున్నారు. దగ్గర్లోని చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అది గిరిజన ప్రాంతం, 1970 నాటి ఒకటో నిబంధన అమల్లో ఉన్న నేల. అక్కడి సంఘాల వాళ్ళు ఆ కేంద్రం గుమ్మం ఎక్కి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మడి ఎవరి పేర ఉంది, సాగు ఎవరిది, కౌలు కాగితం ఎక్కడుంది? మొక్కకు ఏ మందు ఎంత కొట్టాలో చెబుతున్నారు సరే, కొట్టిన ఎన్ని రోజులకు ఆడోళ్ళు మళ్ళీ మడిలోకి దిగొచ్చో అదే కాగితం మీద తెలుగులో రాసిస్తారా, ఇయ్యరా?