దివాళీ డిస్కౌంట్ల గేమింగ్ ల్యాప్‌టాప్: కొనాల్నా, ఆగాల్నా?

సోలాపూర్‌లో సాంచాల బోనస్ పంచే రోజులు దగ్గరపడితే చాలు, ల్యాప్‌టాప్ రిపేరు పని చేసే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఒకప్పుడు ఆ పైసలతో ఇంటిల్లిపాదికీ బట్టలు, కొంచెం బంగారం, లేకుంటే ఒక ఫ్రిజ్ వచ్చేది. ఇప్పుడు పిల్లలు డిప్లొమా, ఇంజనీరింగ్ చదువుతున్నారు. వాళ్లకు ల్యాప్‌టాప్ కావాలి, అందులోనూ గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి. ఫోన్‌లో వచ్చిన ఆఫరు చూపించి, "అన్నా, సగం ధరకే వస్తుంది, రేపటి దాకే ఉంది, తీసుకోమంటవా?" అని అడుగుతారు.

ఈసారి అడిగింది మా గల్లీలోనే ఉండే ఒక సాంచాల కార్మికుడు. కొడుకు మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం. ఆఫరులో ధర 64,990 రూపాయలు, పక్కన కొట్టేసిన ధర 1,02,990, కింద ఎర్ర అక్షరాలతో 37 శాతం తగ్గింపు. ఇంట్లో ఉన్నవి భిషీ ఎత్తిన 40,000, బోనస్ 18,000, మొత్తం 58,000. మిగిలిన ఏడు వేలకు ఈఎంఐ పెడదామని కొడుకు మాట. డిసెంబరులో బిడ్డ నర్సింగ్ ఫీజు ఉందని తల్లి మాట. ఆ తల్లి బీడీలు చుట్టిన పైసలతోనే ఆ భిషీ నడిచింది. అందుకే ఆ ఆఫరును వాళ్ల ముందే కూర్చొని ఒక్కొక్కటిగా విప్పి చూశాం. ఆ లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముప్పై ఏడు శాతం ఎక్కడిది?

కొట్టేసి చూపించే ధర ఎంఆర్‌పీ. అంతకు మించి అమ్మకూడదని దాని అర్థం. ఎప్పుడైనా ఆ ధరకు అమ్మారని కాదు. ల్యాప్‌టాప్‌ల మీద ఎంఆర్‌పీ పెద్దగా వేసి ఏడాది పొడవునా తక్కువకే అమ్మడం మామూలే. కాబట్టి తగ్గింపును ఎంఆర్‌పీ నుంచి కాదు, పండుగకు రెండు మూడు నెలల ముందు అదే మోడల్ నడిచిన ధర నుంచి లెక్కపెట్టాలి. ఊళ్లో రెండు దుకాణాల్లో అడిగినా తెలుస్తుంది. ఈ మోడల్‌ను దివాళీకి మూడు నెలల ముందు మా పక్క దుకాణంలో 66,500కు బిల్లు చేశారు. అంటే అసలు తగ్గింది 1,510 రూపాయలు. నూటికి రెండు రూపాయల కంటే కొంచెం ఎక్కువ, అంతే.

మోడల్ అంటే పెట్టె మీది పేరు కాదు, దాని కింద సన్నగా ఉండే పొడుగు నెంబరు. ఒకే పేరుతో పది రకాలు వస్తాయి. ఒకదాంట్లో 8 జీబీ ర్యామ్, ఇంకోదాంట్లో 16. నెంబరు మొత్తం ఒకటైతేనే ధరలు పోల్చాలి.

2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గింది కాబట్టి ల్యాప్‌టాప్‌లూ తగ్గాయని కొందరు చెబుతున్నారు. పెద్ద టీవీలకు, ఏసీలకు 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజం. ల్యాప్‌టాప్‌లకు అంతకు ముందూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే.

లోపల ఏముంది?

గేమింగ్ ల్యాప్‌టాప్‌కూ మామూలు దానికీ పెద్ద తేడా గ్రాఫిక్స్ కార్డు. ధరలో ఎక్కువ భాగం దానికే పోతుంది. వీళ్ల ఆఫరులో ఉన్నది ఆర్‌టీఎక్స్ 3050, 4 జీబీ. ఇది 2021లో వచ్చిన చిప్పు. తర్వాత ఇదే పేరుతో 6 జీబీ రకం కూడా వచ్చింది. ఆర్‌టీఎక్స్ 4050లో 6 జీబీ, 4060లో 8 జీబీ ఉంటాయి. ఈ జీబీలు ర్యామ్‌వి కావు, గ్రాఫిక్స్ కార్డుకు సొంతంగా ఉండే మెమరీ. కొత్త ఆటలు చాలావాటికి 4 జీబీ చాలదు. బొమ్మ నాణ్యత తగ్గించుకొని ఆడాలి. ఆ మెమరీని తర్వాత పెంచడం కూడా కుదరదు, బోర్డుకే అతికి ఉంటుంది.

రెండోది వాట్లు. ఒకే పేరున్న చిప్పును ఒక కంపెనీ తక్కువ కరెంటుతో, ఇంకో కంపెనీ ఎక్కువ కరెంటుతో నడిపిస్తుంది. 4050, 4060 రెండింటికీ ఎన్విడియా పెట్టిన హద్దు 35 నుంచి 115 వాట్లు. ఒకే మోటారును ఒక సాంచాకు సన్న బెల్టుతో, ఇంకోదానికి గట్టి బెల్టుతో కట్టినట్టు అనుకోండి. పలుచటి ల్యాప్‌టాప్‌లో 50 వాట్లతో నడిచే 4060 కంటే, మందంగా ఉండి పూర్తి వాట్లు ఇచ్చే 4050 గట్టిగా పని చేయొచ్చు. కంపెనీ సైటులో టీజీపీ అని రాసి ఉంటుంది. రాయకపోతే అడగండి. చెప్పకపోతే తక్కువే అనుకోండి.

ప్రాసెసర్ నెంబరు పెద్దదైతే కొత్తదని అనుకోవద్దు. ఏఎండీ 7000 వరుసలో నాలుగంకెల నెంబరుకు మూడో అంకె చూడాలి. అది 3 అయితే లోపలిది పాత తరం, 4 అయితే దాని తర్వాతి తరం. రైజెన్ 7 7435హెచ్ఎస్ అనేది డిస్కౌంట్లలో బాగా కనపడుతుంది. ఎనిమిది కోర్లు ఉన్నాయి, పనికి తక్కువేం కాదు. కానీ దాంట్లో సొంత గ్రాఫిక్స్ లేవు. ఉత్త టైపింగ్ చేస్తున్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డే తిరగాలి, బ్యాటరీ తొందరగా ఖాళీ అవుతుంది. హాస్టల్లో ప్లగ్గు పక్కనే కూర్చునే పిల్లవాడికి ఫరవాలేదు. రోజంతా క్లాసుల్లో ఉండే పిల్లకు కష్టం.

ర్యామ్ 8 జీబీ ఒకే ముక్కగా వేసి ధర తగ్గించడం ఇంకో పద్ధతి. రెండు ముక్కలు ఉంటే పని చురుగ్గా సాగుతుంది. 16 జీబీ ఇప్పుడు కనీసం. ఈ ఆఫరులో ఉన్నది 8 జీబీ. ఇంకో ముక్క వేయించడానికి ఆ రోజు ధర 2,400. కాబట్టి అసలు ధర 64,990 కాదు, 67,390.

స్క్రీన్ గురించి 144 హెర్ట్జ్ అని పెద్దగా రాస్తారు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్నగా రాస్తారు. అంటే రంగులు వెలిసిపోయినట్టు కనపడతాయి. ఆటకు నడుస్తుంది. ఫోటో, వీడియో, డిజైను పని నేర్చుకునేవాళ్లు 100 శాతం ఎస్ఆర్‌జీబీ ఉన్నదే చూడాలి.

మన ఇళ్లకు తగ్గ మాట

పేటల్లో చాలా ఇళ్లు సాంచాల షెడ్డుకు ఆనుకొనే ఉంటాయి. కొన్నిచోట్ల కింద సాంచాలు, పైన కాపురం. గాలిలో దూది పీచు ఎప్పుడూ ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో రెండు ఫ్యాన్లు గట్టిగా గాలి పీలుస్తాయి, దాంతోపాటు పీచునూ పీలుస్తాయి. నా దగ్గరికి వేడెక్కి ఆగిపోతుందని వచ్చే గేమింగ్ ల్యాప్‌టాప్‌లను విప్పితే, గాలి బయటికి పోయే దారిలో దూది దిండులాగ పేరుకొని ఉంటుంది. ఎండాకాలం రేకుల కింద సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి ఇంట్లో వాడేట్టయితే ఆరు నెలలకు ఒకసారి శుభ్రం చేయించే ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి. పరుపు మీద, బొంత మీద పెట్టి ఆడనివ్వకండి.

కరెంటు సంగతి కూడా చూడండి. ఆట ఆడుతున్నప్పుడు ఈ ల్యాప్‌టాప్ 150 వాట్ల పైన లాగుతుంది. రోజుకు నాలుగు గంటలైతే నెలకు దాదాపు 20 యూనిట్లు. బరువు రెండు కిలోల పైనే ఉంటుంది, చార్జరే అర కిలో దాటుతుంది. సిటీ బస్సులో నిలబడి కాలేజీకి పోయే పిల్లలు దీన్ని వారం మోసి తర్వాత ఇంట్లోనే వదిలేసిపోవడం నేను చూశాను.

నో కాస్ట్ ఈఎంఐ నిజంగా వట్టిదేనా?

వడ్డీ లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వదు. ఆ వడ్డీని ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. 72,000 సరుకును నెలకు 6,000 చొప్పున పన్నెండు నెలలు కడుతున్నారనుకోండి. బ్యాంకు వడ్డీ 15 శాతమైతే, ఆ 72,000లో దాదాపు 5,500 వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరు విడిగా కట్టాలి, దాదాపు 990 రూపాయలు. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. పైగా రొక్కంగా కడితే వచ్చే తగ్గింపు ఈఎంఐకి రాకపోవచ్చు. రెండు ధరలూ పక్కపక్కన రాయించుకొని చూడండి.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు?

ఇంత చూసిన తర్వాత ఆ పిల్లవాణ్ణి అడిగాను: "తమ్మీ, నీ చదువుకు ఏ సాఫ్ట్‌వేర్ కావాలె? రాసి ఇయ్యి." ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ అని రాశాడు. డిప్లొమాలో గీసే చిన్న చిన్న పార్టులకు గ్రాఫిక్స్ కార్డు లేకున్నా 16 జీబీ ర్యామ్, మంచి ప్రాసెసర్ ఉంటే నడుస్తుంది. పెద్ద మెషీన్ అసెంబ్లీలు చేసేటప్పుడే ఇబ్బంది, వాటికి కాలేజీ ల్యాబ్ ఉంది. కాసేపు ఊరుకొని, "దోస్తులందరికీ గేమింగ్‌దే ఉందన్నా, రాత్రి అందరు కలిసి ఆడుతరు" అన్నాడు. ఆ మాటను తీసిపారేయలేదు. ఆ వయసులో దోస్తుల మధ్య వెనక పడితే బాధ ఉంటుంది. కానీ ఆ బాధకు ఖరీదు అక్క ఫీజులోంచి పోతుందని వాళ్ల నాయిన ఎదుట కూర్చొనే చెప్పాడు. చివరికి 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ 46,500కు కొన్నారు. మిగిలిన 11,500 ఫీజుకు పక్కన పెట్టారు. పిల్లవాడు రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు దాంట్లో తేలికపాటి పాత ఆటలు ఏవి నడుస్తాయో అడగడానికి నా దగ్గరికే వచ్చాడు.

అందరికీ ఇదే మాట చెప్పను. నిరుడు ఇదే పేటలో యానిమేషన్ నేర్చుకునే అమ్మాయికి గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకొమ్మనే చెప్పాను. బ్లెండర్‌లో ఒక చిన్న బొమ్మ కదలిక తయారు కావడానికి మామూలు ల్యాప్‌టాప్ గంటలు తీసుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డు ఉంటే నిమిషాలు. డావిన్చీ రిజాల్వ్‌లాంటి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కూ కార్డు కావాలి. ఆమె 4050, 6 జీబీ, 16 జీబీ ర్యామ్ ఉన్నది 74,990కు తీసుకుంది. ఇప్పుడు పెళ్లి వీడియోలు కత్తిరించి ఇచ్చి తన ఈఎంఐ తనే కట్టుకుంటుంది. 64,990 ఆఫరుతో పోలిస్తే పది వేలు ఎక్కువ. ర్యామ్ ఖర్చు తీసేస్తే 7,600. నాలుగేళ్లకు పంచితే నెలకు 160 రూపాయలు కూడా కాదు. పని ఉన్నవాళ్లకు తక్కువ ధరదానికంటే ఇదే చవక.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు

పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ల్యాప్‌టాప్ వెనక ఉన్న సీరియల్ నెంబరును కంపెనీ సైటులో వేసి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. పాత తేదీ ఉంటే అది ముందే ఒకరికి అమ్మిన సరుకు కావచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్‌లోకి పోతే ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి, గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంత, అన్నీ కనపడతాయి. బిల్లుతో సరిపోల్చండి. జీఎస్టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు. చాలాచోట్ల ల్యాప్‌టాప్‌ను వాపసు తీసుకోరు, మార్చి మాత్రమే ఇస్తారు. దానికీ గడువు కొద్ది రోజులే ఉంటుంది.

చెప్పినదొకటి, వచ్చినదొకటి అయితే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దావా వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే పోయి మాట్లాడొచ్చు.

ఆఫరు రేపటితో అయిపోతుందని తొందరపడకండి. దివాళీ పోతే కొత్త సంవత్సరం, అది పోతే జనవరి 26, కాలేజీలు తెరిచేటప్పుడు ఇంకోటి, ఆగస్టు 15కు ఇంకోటి వస్తాయి. మోడల్ పూర్తి నెంబరు, మూడు నెలల కిందటి ధర, కావలసిన సాఫ్ట్‌వేర్ల పేర్లు, ఇంట్లో రొక్కంగా ఉన్న పైసలు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకొని దుకాణానికి పొండి. పిల్లలను కూడా వెంట తీసుకుపోండి, లెక్క వాళ్ల ముందే తేలాలి.