చేతికి అందిన యంత్రము

హైదరాబాదు నుండి ముంబై పోవు రహదారి మీద మియాపూరు దాటి, రామచంద్రాపురము, పటాన్‌చెరువుల మీదుగా సంగారెడ్డి వైపు ప్రయాణము చేయువారికి దారి పొడవునను కర్మాగారముల ప్రహరీగోడలు కనిపించును. ఆ గోడల వెనుక ఏమి జరుగుచున్నదో ఆ యూళ్లలో పుట్టి పెరిగిన పిల్లలలో చాలమందికి తెలియదు. రామచంద్రాపురములో 1960వ దశకమున చెకొస్లొవేకియా సహకారముతో నెలకొన్న భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము టర్బైనులను, జనరేటర్లను తయారుచేయుచు వచ్చినది. ఎద్దుమైలారములో సైన్యమునకు కావలసిన యుద్ధశకటములు తయారగుచున్నవి. అయినను తండ్రి ఇరువది యేండ్లు లేతు మీద పనిచేసిన ఇంటిలో, కుమారుడు ఆ లేతును ఒక్కమారైనను చూచియుండకపోవుట వింత కాదు.

కర్మాగారముల ద్వారములు మూసియుండుటకు కారణములు కలవు. తిరుగుచున్న యంత్రము దగ్గరకు ఎవరిబడితే వారిని రానిచ్చుట ప్రమాదము. మరి ప్రజలు యంత్రమును ఎక్కడ చూడవలెను? అద్దాల పెట్టెలో పెట్టి, ప్రక్కన పేరు వ్రాసిన పలక తగిలించిన చాలునా? సాంకేతిక చరిత్రను చూపు ప్రదర్శనశాలలు ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నవి. అవి కనుగొన్న మార్గమేమో, అది మన ప్రాంతమునకు ఏల అవసరమో ఈ ప్రసంగములో విన్నవింపదలచితిమి.

జర్మనీ దేశమున ఆస్కార్ ఫన్ మిల్లర్ అను విద్యుత్ ఇంజనీరు ఉండెను. 1882లో మ్యూనిక్ నగరమున జరిగిన విద్యుత్ ప్రదర్శనములో, మీస్‌బాఖ్ అను ఊరినుండి 57 కిలోమీటర్ల దూరము తీగల మీదుగా విద్యుత్తును రప్పించి, దానితో పంపును నడిపి, ప్రదర్శనశాలలో ఒక చిన్న జలపాతమును దుముకించిరి. ఆ ఏర్పాటులో మిల్లర్ ప్రముఖ పాత్ర వహించెను. విద్యుత్తును గూర్చి వేయి మాటలు చెప్పుటకంటె, దూరపు యంత్రపు బలము ఇచ్చట నీటిని ఎత్తిపోయుట ప్రజలు కన్నులార చూచుట మేలని ఆయన గ్రహించెను. 1903లో ఆయన పూనికతోనే అదే నగరములో జర్మన్ మ్యూజియమునకు పునాది పడినది. 1925లో ఈసర్ నదిలోని ద్వీపము మీద దాని క్రొత్త భవనము తెరవబడినది. అచట సందర్శకులు పిడులు త్రిప్పిరి, మీటలు వేసిరి, నమూనాగా నిర్మించిన గనిలో నడిచిరి. చరిత్రాత్మకములైన అసలు యంత్రములు ఒక ప్రక్క, చేతితో నడుపదగిన నమూనాలు మరియొక ప్రక్క నిలిచినవి.

పిడి త్రిప్పుట వలన కలుగు ప్రయోజనమేమని కొందరు అడుగవచ్చును. ఒక చిన్న ప్రయోగమును తీసికొందము. బల్ల మీద ఒక డైనమో బిగించియుండును. దానికొక చేతిపిడి, ఒక బల్బు, నడుమ ఒక మీట. మీట తీసియుండగా పిడిని త్రిప్పినచో తేలికగా తిరుగును. త్రిప్పుచునే మీట వేయుడు. బల్బు వెలుగును, ఆ క్షణముననే పిడి బరువెక్కును. అవతలి వైపు నుండి ఎవరో పట్టి ఆపుచున్నట్లు తోచును. మీట తీయగానే చేయి మరల తేలికయగును.

సైకిలు మీద చీకటి దారులలో తిరిగిన పెద్దలు ఈ బరువును ఎరుగుదురు. డైనమోను టైరునకు ఆనించగానే తొక్కుడు భారమగుట వారికి అనుభవమే. ఆ భారము టైరు మీది రాపిడి వలననా, విద్యుత్తు వలననా అని అడిగినచో మాత్రము తడుముకొందురు. నిజమునకు రెండును కలవు. సైకిలు మీద ఉండగా వాటిని విడదీయుట కష్టము. ప్రదర్శనశాలలోని మీట ఆ పని చేయును. మీట వేసినను తీసినను ఇరుసులలోని రాపిడి ఉండనే ఉండును. అదనముగా వచ్చి చేరినది విద్యుత్తు భారము. 1831లో మైకేల్ ఫారడే అయస్కాంతమును తీగచుట్టలో కదిపి విద్యుత్తును పుట్టించెను. అట్లు పుట్టిన ప్రవాహము తనను పుట్టించిన కదలికనే ఎదిరించునని 1834లో లెంజ్ అను శాస్త్రజ్ఞుడు నిర్ధారించెను. పాఠ్యపుస్తకములో రెండు పంక్తులుగా చదివి మరచిపోవు ఆ నియమము ఇచట మణికట్టునకు తెలియును. వెలుగు ఊరక రాలేదనియు, చేయి చేసిన పనియే వెలుగుగా, వేడిగా మారినదనియు పదేండ్ల పిల్లవాడు ఇతరులు చెప్పకయే గ్రహించును.

అదే బల్ల మీద 60 వాట్ల పాతకాలపు తీగబల్బును, దానికి సరిపోవు వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్‌ఇడి బల్బును ప్రక్క ప్రక్కన ఉంచినచో దీపముల చరిత్ర యంతయు చేతికి తెలిసిపోవును. మొదటిదానిని నిండుగా వెలిగించుటకు దృఢకాయుడు కూడ అలసిపోవును. రెండవది చిన్నపిల్ల త్రిప్పినను వెలుగును.

ఇక లెక్కకు వత్తము. ఆరోగ్యవంతుడైన మనిషి చేతితో కొంతసేపు ఎడతెగక త్రిప్పినచో సుమారు 50 వాట్ల శక్తి పుట్టునని అనుకొందము. నష్టములను విడిచిపెట్టినను, కరెంటు బిల్లులో మనము చూచు ఒక్క యూనిటు కొరకు అతడు 20 గంటలు త్రిప్పవలెను. ఇంటిలోని పాతకాలపు వాల్వుల రేడియో 40, 50 వాట్లు తీసికొనెడిది. అనగా ఒక మనిషి పూర్తిగా దాని సేవలోనే ఉండవలసివచ్చును. 1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడిన తరువాత వచ్చిన చిన్న రేడియోకు ఒక వాటు కూడ అక్కరలేదు. మంజీర మీద సింగూరు జలాశయము వద్దనున్న విద్యుత్కేంద్రపు సామర్థ్యము 15 మెగావాట్లు. చేతిపిడుల లెక్కలో అది 3 లక్షల మంది ఏకకాలమున త్రిప్పుటతో సమానము. విద్యుత్కేంద్రములలో ఇది చిన్నది. పిడి త్రిప్పి అలసిన చేతికి ఈ సంఖ్యలు వట్టి అంకెలుగా తోచవు. రామచంద్రాపురపు గోడల వెనుక ఏమి తయారగుచున్నదో కూడ అప్పుడు అర్థమగును: ఆ బల్ల మీది డైనమోయే అచట ఇంటి ప్రమాణమునకు పెరిగినది, చేతిపిడికి బదులు ఆవిరి టర్బైను వచ్చినది.

చేతితో చేయించు ప్రదర్శనములన్నియు ఫలించునని చెప్పలేము. కొన్నిచోట్ల బొత్తాము నొక్కగానే బొమ్మ ఒకటే ఆట ఆడి ఆగిపోవును. పిల్లలు నాలుగుమారులు నొక్కి మరియొక దానికి పరుగెత్తుదురు. అచట సందర్శకుడు మార్చగలిగినది ఏదియు లేదు, కావున నేర్చుకొనునదియు స్వల్పమే. మంచి ప్రదర్శనము ఒక ప్రశ్న వేయును. సందర్శకుని చేతికి మార్చుటకు ఒకటి ఇచ్చును. మార్చినప్పుడు వస్తువే జవాబు చెప్పును. రెండవ నియమము రక్షణకు సంబంధించినది. అపురూపమైన అసలు యంత్రమును వేలమంది తాకినచో అది అరిగిపోవును. అందుచేత అసలును భద్రపరచి, దానికి సరియైన ప్రతిని చేతికి ఇచ్చుట మంచి సంప్రదాయము. మూడవది మరమ్మతు. పదిమంది చేయి పడిన వస్తువు చెడక మానదు. ‘పనిచేయుటలేదు’ అను పలక నెలల తరబడి వ్రేలాడినచో పిల్లలకు అది నేర్పు పాఠము మరియొకటి. అమెరికాలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున నెలకొల్పిన ఎక్స్‌ప్లొరటోరియములో మరమ్మతు చేయు పనిశాలనే సందర్శకుల కంటి యెదుట ఉంచిరి. వస్తువు ఎట్లు చెడినదో, ఎట్లు బాగయినదో చూచుట కూడ అచట ప్రదర్శనములో భాగమైనది.

ఈ భావము మన దేశమునకు క్రొత్త కాదు. మ్యూనిక్ ప్రదర్శనశాలను చూచి వచ్చిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ప్రోత్సాహము ఫలించి, 1959లో కలకత్తాలో బిర్లా పారిశ్రామిక సాంకేతిక ప్రదర్శనశాల వెలసినది. అందరును నగరమునకు రాలేరని గ్రహించి, ఆ సంస్థ 1965లోనే ప్రదర్శనములను బస్సులో పెట్టి పల్లెలకు పంపనారంభించినది. బెంగుళూరులో విశ్వేశ్వరయ్య పేర వెలసిన ప్రదర్శనశాల భవనమును 1962లో నెహ్రూ ప్రారంభించిరి. 1908 నాటి మూసీ వరదల పిదప హైదరాబాదుకు రక్షణమార్గము సూచించిన ఇంజనీరు ఆ విశ్వేశ్వరయ్యగారే. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద 1985లో బిర్లా నక్షత్రశాల, 1990లో విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాల వెలసినవి. పటాన్‌చెరువునకు ఇది సుమారు 30 కిలోమీటర్ల దూరము. విశాఖపట్టణపు సముద్రతీరమున 2002 నుండి ‘కుర్సురా’ జలాంతర్గామి సందర్శకులను తన కడుపులోనికి రానిచ్చుచున్నది. నావికులు ఎంత ఇరుకున నెలల తరబడి పనిచేసిరో ఆ సన్నని దారిలో వంగి నడిచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

సంగారెడ్డి పట్టణమే ఇట్టి ప్రయత్నమును ఒకదానిని చూచినది. 1796 నాటిదని చెప్పబడు అచటి పాత కారాగారము నుండి 2012లో ఖైదీలను తరలించిన తరువాత దానిని ప్రదర్శనశాలగా మార్చిరి. 2016లో, 500 రూపాయలు చెల్లించి ఒక దినమంతయు ఖైదీవలె గడుపు ఏర్పాటును అచట ఆరంభించిరి. వచ్చినవారు ఖాదీ దుస్తులు ధరించి, కారాగారపు పళ్లెములో తిని, అచటి వేళల ప్రకారము నడచుకొనవలసి యుండెను. కొందరు దీనిని వేడుకగా తలచిరి. కాని చరిత్ర గల చోటును ప్రజలు చూచి పోవుటయే గాక, అనుభవించి పోవునట్లు చేయవచ్చునని మన జిల్లాలో రుజువు చేసినది ఈ ప్రయత్నమే. గోడలకు చేయగలిగిన దానిని యంత్రములకు చేయలేమా?

చేయకున్న కలుగు నష్టమేమో మియాపూరు దగ్గర ఆల్విన్ చౌరస్తాలో నిలిచినచో తెలియును. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ బస్సులను, రిఫ్రిజిరేటర్లను, చేతిగడియారములను తయారుచేసి ఇంటింటికి తెలిసిన పేరైనది. ఆ సంస్థ పోయినది. కూడలికి పేరు మిగిలినది. ఆ గడియారములోని సన్నని చక్రములను బిగించిన చేతుల నేర్పు ఏ పుస్తకములోను పూర్తిగా లేదు. యంత్రము పాతబడినచో తుక్కు బజారునకు పోవును. పనివాడు పదవీ విరమణ చేసినచో ఇంటికి పోవును. ఈ రెండును ఒకచోట కలిసి ఉన్నంత కాలమే ఆ విద్యను ఇతరులకు అందింపగలము.

ఇందుకు పెద్ద భవనమే కావలెనని మేము తలచుట లేదు. పాఠశాలలో ఒక గది, నాలుగు గట్టి బల్లలు చాలును. ఒక బల్ల మీద పైన చెప్పిన డైనమో. ఒకదాని మీద ప్రక్క కోసి లోపలి పిస్టను కనిపించునట్లు చేసిన పాత స్కూటరు ఇంజను. ఒకదాని మీద పిల్లలు విప్పి మరల బిగించుటకు ఆగిపోయిన గోడగడియారము. నెలకొక దినము పదవీ విరమణ చేసిన ఫిట్టరో, టర్నరో వచ్చి, తాను ఏ పనిని ఏ శబ్దమును బట్టి గుర్తించెడివాడో చెప్పినచో ఆ గది ప్రదర్శనశాలయే యగును.

నాలుగవ బల్ల మీద నీరు ఉండవలెను. యంత్రచరిత్రలో విజయములు మాత్రమే చెప్పుట సత్యము కాదు. పటాన్‌చెరువు, బొల్లారము పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగును చెడగొట్టిన సంగతి 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. ఆ వాగు మంజీరలో కలియును. వాగు నీటిని, బావి నీటిని, కుళాయి నీటిని పెద్దల పర్యవేక్షణలో వేరువేరు గాజు పాత్రలలో పోసి, లిట్మస్ కాగితముతోను, కరిగిన లవణములను కొలుచు చిన్న మీటరుతోను పరీక్షించిన పిల్లలు, యంత్రము ఇచ్చునదియు పుచ్చుకొనునదియు రెండును లెక్కవేయుట నేర్చుకొందురు. రేపు ఆ కర్మాగారములలో పనిచేయవలసినవారు, వాటి చుట్టును కాపురముండవలసినవారు వారే.

ప్రదర్శనశాలకు పిల్లలను తీసికొనిపోవు తల్లిదండ్రులకు రెండు మాటలు. అన్నిటిని చూడవలెనని తొందరపెట్టకుడు. ఒక్క వస్తువు దగ్గర అరగంట నిలిచినను లాభమే. ఏమగునో ముందుగా వారిచే చెప్పించి, పిమ్మట పిడి త్రిప్పనిండు. ఇంటి అటకమీద పాత వాల్వుల రేడియో ఉన్నచో, ప్లగ్గు తీసియున్నను దానిని మీరుగా విప్పకుడు. లోపలి కండెన్సర్లలో విద్యుత్తు మిగిలియుండి కొట్టవచ్చును. పని తెలిసిన మెకానిక్కును పిలిచి, ఆయన విప్పునప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఇంటిలోనో, వీధిలోనో కర్మాగారములో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు ఉన్నచో, వారు ఏ యంత్రము మీద పనిచేసిరో అడుగుడు. వారు మాటలతో మొదలుపెట్టి కొంతసేపటికి చేతులతో చెప్పనారంభింతురు. అప్పుడు పిల్లల చేతికి ఒక స్క్రూడ్రైవరు, విప్పుటకు ఒక ఆగిపోయిన గడియారము ఇచ్చి, ఆ పెద్దల ప్రక్కన కూర్చుండబెట్టుడు.