కంప్యూటరు లేవగానే పిలువని ప్రోగ్రాములు

కోయిలకుంట్ల బస్‌స్టాండులో ఉదయమున నంద్యాల బస్సు వచ్చి నిలువగానే జరుగు తోపులాటను ఎరుగనివారు ఆ ప్రాంతమున ఉండరు. బస్సులో చోటు లేకపోలేదు. కాని వాకిలి ఇరుకు. అందరును ఒక్కమారే ఎక్కజూతురు. కాలేజీకి పోవలసిన విద్యార్థి వెనుకబడును. సీటుపై తువ్వాలు వేసి దిగిపోవుటకు వచ్చినవాడు ముందుగా ఎక్కును. పాఠశాలలోని పాత కంప్యూటరు, మీట నొక్కిన తరువాత అయిదారు నిమిషములు ఉలుకుపలుకు లేక ఉండుటకు కారణము పెక్కుమార్లు ఇట్టి తోపులాటయే. ముగ్గురు విద్యార్థులకు ఒక యంత్రమున్నచోట, 45 నిమిషముల పీరియడులో ఈ అయిదారు నిమిషములు చిన్న నష్టము కాదు.

మీట నొక్కగానే మొదట మేల్కొనునది మదర్‌బోర్డుపై ఒక చిప్పులో నిలిచియుండు ఫర్మ్‌వేరు. అది మెమొరీని, కీబోర్డును, డిస్కును పరీక్షించి, డిస్కునుండి ఆపరేటింగ్ సిస్టమును పిలుచును. అది తన పరివారమును సిద్ధపరచుకొని, మన సంకేతపదము నడిగి, తెరను చూపును. పని ముగిసినదని మనము తలంతుము. నిజమునకు అప్పుడే బస్సు వచ్చి నిలిచినది. మనము పిలువకయే లేచు ప్రోగ్రాములు ఈ క్షణమున డిస్కుపై పడును.

పాత యంత్రములలోని హార్డు డిస్కు నిమిషమునకు సాధారణముగా 7200 మారులు తిరుగును. అనగా ఒక చుట్టుకు సుమారు 8.3 మిల్లీసెకండ్లు. కావలసిన సమాచారము చదువుముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా 4.2 మిల్లీసెకండ్లు వేచియుండవలెను. ముల్లు సరియైన వలయమునకు జరుగుటకు మరి 9 మిల్లీసెకండ్లు అనుకొందము. వెరసి 13. కావున చెల్లాచెదరుగా ఉన్న సమాచార ఖండములను ఈ డిస్కు సెకండునకు డెబ్బదియైదింటికంటె ఎక్కువ అందీయజాలదు. ఒక ప్రోగ్రాము లేచుటకు అట్టి ఖండములు 600 కావలెననుకొన్నచో 8 సెకండ్లు పట్టును. పది ప్రోగ్రాములకు 80 సెకండ్లు. ఆపరేటింగ్ సిస్టము వరుసను కొంత సవరించి శ్రమను తగ్గించును గాని, ముల్లు ఒక్కటే కదా! కదలు భాగములు లేని సాలిడ్ స్టేట్ డిస్కులో ఒక ఖండమునకు పట్టు కాలము మిల్లీసెకండులో పదవవంతు మాత్రమే. అందుచేతనే క్రొత్త యంత్రములలో ఈ బాధ అంతగా తెలియదు.

లేచిన ప్రోగ్రాములు ఊరకుండవు, మెమొరీలో చోటు పట్టుకొని కూర్చుండును. అది 4 గిగాబైట్లే అయినచో త్వరలో నిండిపోవును. అప్పుడు సిస్టము కొంత సరకును మరల ఆ నెమ్మది డిస్కు మీదికే దింపుచు ఎత్తుచు ఉండును. ఆలస్యము ఆరంభముతో ముగియక గంటంతయు సాగును.

వీనిని అక్కడ చేర్చినదెవరు? 1995లో వచ్చిన విండోస్ 95 లోనే, యంత్రము లేవగానే నడువవలసినవానికి స్టార్టప్ అను ఫోల్డరును, రిజిస్ట్రీలో రన్ అను పట్టికయు ఉండెను. అవి నేటికిని ఉన్నవి. ప్రోగ్రామును స్థాపించునపుడు అది తన పేరును ఆ పట్టికలో వ్రాసికొనును. మనము పిలిచినపుడు త్వరగా తెరచుకొనవలెనని ఒకదాని కోరిక. క్రొత్త కూర్పు వచ్చినదేమో చూడవలెనని మరియొకదాని తొందర. ప్రతి కర్తయు ఆ యంత్రమున తన ప్రోగ్రాము ఒక్కటే ఉన్నట్లు తలచుటయే ఇందలి చిక్కు.

మాన్పు విధానము సులభము. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కిన టాస్క్ మేనేజరు తెరచుకొనును. విండోస్ 8 మొదలు, అనగా 2012 నుండి, అందులో స్టార్టప్ అను పుట కలదు. ప్రతి పేరునకు ఎదుట దాని భారము ఎక్కువ, మధ్యమము, తక్కువ అని చూపబడును. ప్రాసెసరును ఒక సెకండునకు మించి వాడుకొన్నను, డిస్కుతో 3 మెగాబైట్లకు మించి పని కల్పించుకొన్నను అది ఎక్కువ క్రిందికి వచ్చును. వలదన్న పేరుపై మౌసు కుడిమీట నొక్కి డిసేబుల్ అనవలెను. ఆ పుటయందే ఫర్మ్‌వేరు ఎన్ని సెకండ్లు తీసికొన్నదో కూడ కనబడును. ఆ అంకెయే పెద్దదైనచో దోషము వేరొకచోట ఉన్నదని గ్రహింపవలెను.

డిసేబుల్ అనగా తొలగించుట కాదు. ప్రోగ్రాము డిస్కులో భద్రముగనే ఉండును. మనము పిలిచినపుడు వచ్చును. ఎనేబుల్ అన్నచో మరల మొదటి స్థితి. ఈ భేదము తెలియకనే కొందరు ఉపాధ్యాయులు ఆ పుటను తాకుటకు జంకుదురు. జంకు పూర్తిగా నిష్కారణమును కాదు. వైరసులనుండి కాపాడు ప్రోగ్రామును ఆపరాదు. తెలుగు టైపునకు అను స్క్రిప్ట్ మేనేజరు వంటిదానిని ఈ పట్టికలో చేర్చుకొన్నవారు దానిని ఆపినచో, మరునాడు దానిని తామే తెరచువరకు మీటలు ఇంగ్లీషు అక్షరములనే పలుకును. మీసేవ కేంద్రమున వ్రేలిముద్ర యంత్రమునకు తోడ్పడు ప్రోగ్రామును ఆపినచో ఆధారుతో ముడిపడిన పని నిలిచిపోవును. వాకిట వరుస పెరుగును. పేరు చూచి ఏమిటో తెలియనిదానిని అట్లే ఉంచుట మేలు.

ఈ పుటలో కనబడనివియు కలవు. సర్వీసులు, కాలనిర్ణయముపై లేచు పనులు వేరుచోట్ల దాగియుండును. వానినన్నిటిని ఒక్కచోట చూపు ఆటోరన్స్ అను సాధనమును మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనువారు రచించిరి. వారి సంస్థను 2006లో మైక్రోసాఫ్ట్ కొనెను. అది చదువుకొనుటకు మంచి పుస్తకము వంటిది; విద్యార్థులు అందులో మార్పులు చేయుట మాత్రము తగదు.

ఫలితమును తరగతిలోనే కొలువవచ్చును. షట్‌డౌన్ చేసి మరల వెలిగించుట ఈ పరీక్షకు చాలదు. విండోస్ 8 నుండి ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు సిస్టము మూలభాగమును డిస్కులో దాచి, మరుసటిమారు దానినే ఎత్తికొనును గనుక కాలము తక్కువగా కనబడును. రీస్టార్ట్ అనవలెను. మీట నొక్కినది మొదలు, టాస్క్ మేనేజరులో డిస్కు వాడుక నూటికి నూరునుండి దిగివచ్చువరకు గడియారము చూచి, మూడుమారుల సగటును నల్లబల్లపై వ్రాయవలెను. పిమ్మట ఒక ప్రోగ్రామును, ఒక్కదానినే, ఆపి మరల కొలువవలెను. మరునాడు మరియొకటి. నవీకరణ పొందినపుడు కొన్ని తమ పేరును తిరిగి వ్రాసికొనును గనుక, నెల గడచిన పిమ్మట ఆ పుటను మరల తెరచి, నల్లబల్లపై వ్రాసికొన్న అంకెలతో పోల్చవలెను.