మూసీకి నీళ్లెక్కడివి?

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద వాన కురుస్తోందనుకోండి. తూర్పు వాలున పడ్డ నీరు మూసీలో చేరి, హైదరాబాద్ మీదుగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడ్డ నీరు కాగ్నా నదిలోకి దిగి, తాండూరు దాటి, కర్ణాటకలో భీమను చేరుకుంటుంది. భీమతో కలిసి కృష్ణలోకి వచ్చి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ అన్నీ దాటుకుని చివరికి అదే వాడపల్లికి వస్తుంది. పక్కపక్కన పడ్డ చినుకులే అయినా వాటి దారులు వేరు. ఎటు పోవాలో తేల్చింది గుట్ట మీది మిట్ట.

ఇలా నీటిని ఇటూ అటూ పంచే ఎత్తైన గీత జలవిభాజక రేఖ. దానికి లోపలి వైపు పడ్డ వానలో పారే నీరంతా ఒకే చోటికి దిగుతుంది. ఆ భూమి మొత్తాన్నీ పరీవాహక ప్రాంతం అంటాం, వాడుకలో వాటర్‌షెడ్. పొలం గట్టు పక్క ఒర్రెకూ వాటర్‌షెడ్ ఉంటుంది, కాకపోతే కొన్ని ఎకరాలే. ఒర్రెలు వాగులో, వాగులు నదిలో కలిసినట్టే ఈ చిన్న వాటర్‌షెడ్లు కలిసి పెద్దవవుతాయి. పటంలో మూసీ ఒక నీలిగీత. దాన్ని నడిపించేవి మాత్రం ఆ గీతకు ఇరువైపులా ఉన్న గుట్టలు, చేలు, ఊళ్లు, రోడ్లు.

హైదరాబాద్‌కు ఎగువన మూసీ, దాని ఉపనది ఈసీల పరీవాహకం 860 చదరపు మైళ్లు, అంటే సుమారు 2,200 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్ల నీరు. ఆ లెక్కన పరీవాహకమంతటా 5 సెంటీమీటర్లు కురిసి, చుక్క పోకుండా పారితే దాదాపు 4 టీఎంసీలు. ఉస్మాన్‌సాగర్ జలాశయం నిండటానికి అది చాలు.

అయితే కురిసిందంతా పారదు. కొంత ఆవిరవుతుంది, కొంత చెట్టూ చేనూ తాగుతాయి, కొంత నేలలోకి ఇంకుతుంది. గడ్డి, పొదలు ఉన్న వాలు మీద నీరు నెమ్మదిగా దిగుతూ ఇంకుతుంది. బోడి నేల మీద మట్టిని కోసుకుంటూ ఉరుకుతుంది. సిమెంటు మీద పడితే ఇంకే మాటే లేదు. ఇంకిన నీరు మొరం పొరలోనూ, దాని కింది రాతి పగుళ్లలోనూ నిలుస్తుంది. మన బావులకూ బోర్లకూ అందేది ఈ నీరే. వాన వెలిసిన చాలా రోజుల తర్వాత కూడా వాగులో సన్నగా పారే ఊట సైతం అక్కడిదే. బోర్లు ఆ నీటిమట్టాన్ని వాగు అడుగు కన్నా కిందికి లాగేస్తే ఊట ఆగిపోతుంది. ఒకప్పుడు సంక్రాంతి దాకా పారిన వాగు దసరాకే ఎండిందంటే, వాన తగ్గిందా అని మాత్రమే అడిగితే చాలదు. బోర్ల సంగతీ చూడాలి.

దక్కన్‌లో వాన ప్రధానంగా నాలుగు నెలలే. కింద ఉన్నది గట్టి రాయి, ఎక్కువ నీటిని దాచుకోలేదు. అందుకే మన పూర్వికులు వాలు వెంట గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది. ప్రతి చెరువూ వరద ఉరుకును తగ్గిస్తుంది, ఒండ్రును ఆపుతుంది, చుట్టుపక్కల బావుల్లో ఊట పెంచుతుంది.

గొలుసుకు ఒక బలహీనత కూడా ఉంది. పై కట్ట తెగితే ఆ భారమంతా కింది కట్ట మీద పడుతుంది. 1908 సెప్టెంబరు 28న జరిగింది ఇదే. ఈసీ పరీవాహకంలోని శంషాబాద్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. హైదరాబాద్‌కు ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. వాటిలో 182 ఈసీ వైపువి, 39 మూసీ వైపువి. వాన నీటికి చెరువుల నీరు తోడై నగరం మీద పడింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరంలో నది గట్లు ఎత్తు చేస్తే సరిపోతుందనుకోలేదు. పరీవాహకాన్ని లెక్కగట్టి, వరదను ఎగువనే పట్టి నిలిపే జలాశయాలు కట్టాలన్నారు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద నుంచి కాపాడటానికి తలపెట్టినవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. వాటికి నీళ్లిచ్చే నేలను కాపాడేందుకు 1996లో జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేసింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది.

ఆనకట్ట ఎంత గట్టిగా ఉన్నా దానికి నీరు పంపేదీ, బురద పంపేదీ, మురుగు పంపేదీ పరీవాహకమే. చెరువు చుట్టూ కంచె వేసి, దానిలోకి నీళ్లు తెచ్చే కాలువను పూడ్చేస్తే ఆ చెరువు ఎండాకాలంలో ఎండుతుంది. దాని అలుగు కాలువను పూడిస్తే వానాకాలంలో కాలనీలు మునుగుతాయి. చెరువుతో పాటు దాని రాకపోకల దారులనూ కాపాడితేనే అది కాపాడినట్టు.

ప్లాటు కొనబోయేవారు దస్తావేజులతో పాటు పాత గ్రామ పటం కూడా తీయించి చూడండి. అందులో వాగు గానీ అలుగు కాలువ గానీ కనిపిస్తే, ఇప్పుడు ఎండిపోయి ఉన్నా సరే, ఆ స్థలం జోలికి పోకండి. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన నేల వాలు మారదు.