తూనీగలలో లైంగిక క్రోమోసోముల పరిణామం

తూనీగలు ఒడొనేటా క్రమానికి చెందిన కీటకాలు. ప్రపంచవ్యాప్తంగా 6,000కు పైగా, భారతదేశంలో దాదాపు 500 జాతుల తూనీగలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వీటిలో అత్యధిక జాతులలో ఆడ తూనీగ కణాలలో రెండు ఎక్స్ క్రోమోసోములు, మగ తూనీగ కణాలలో ఒకే ఒక ఎక్స్ క్రోమోసోము ఉంటాయి. మగవాటిలో వై క్రోమోసోము ఉండదు. ఈ ఏర్పాటును ఎక్స్-జీరో పద్ధతి అంటారు. మగ లక్షణానికి వై క్రోమోసోమే కారణమని పాఠ్యపుస్తకంలో చదువుకున్న విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చు. కీటకాలలో మాత్రం ఇది అరుదైన విషయం కాదు. పైగా తూనీగలోని ఈ ఒంటరి ఎక్స్ ఇంతవరకు తెలిసిన లైంగిక క్రోమోసోములన్నిటిలో అతి పురాతనమైన క్రోమోసోముకు వారసురాలని 2023లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది.

వికారాబాద్, తాండూరు ప్రాంతపు తూనీగలు

తెలంగాణలోని వికారాబాద్ జిల్లా తూనీగలకు అనువైన ప్రదేశం. మూసీ నది ఇక్కడి అనంతగిరి కొండలలో పుడుతుంది. భీమా నదికి ఉపనది అయిన కాగ్నా తాండూరు మీదుగా ప్రవహిస్తుంది. కోటపల్లి జలాశయం, ఊరూరా ఉన్న చెరువులు, వరి మడులు, తాండూరు చుట్టుపక్కల నాపరాయి తీయగా మిగిలి వాననీరు నిలిచిన గుంతలు వంటివన్నీ తూనీగ పిల్లపురుగులు పెరగడానికి పనికివచ్చే నీటి తావులే. తూనీగ జీవితంలో ఎక్కువ భాగం నీటిలోనే గడుస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇటువంటి చోట్ల దేశమంతటా కనిపించే సాధారణ జాతులలో పాంటాలా ఫ్లావెసెన్స్ ముఖ్యమైనది. వానాకాలంలో పసుపు వన్నెతో గుంపులు గుంపులుగా ఎగిరే తూనీగ ఇదే. హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వరకు వలస పోగల ఈ జాతి, తాత్కాలికంగా నిలిచిన వాననీటిలోనే కొద్ది వారాలలో పిల్లదశను ముగించుకుంటుంది. ఎర్రని మగలు గల క్రోకోథెమిస్ సెర్విలియా, ఆకుపచ్చ నలుపు చారల ఆర్థెట్రమ్ సబీనా, మురికి నీటిని కూడా తట్టుకునే బ్రాకిథెమిస్ కంటామినేటా కూడా ఈ కోవలోనివే. ఈ నాలుగూ లిబెల్లులిడే కుటుంబానికి చెందినవి. వీటి ఆకారం, రంగు, నడవడి వేరువేరైనా క్రోమోసోముల లెక్క మాత్రం ఒక్కటే: మగవాటిలో 25, ఆడవాటిలో 26.

25 అనే బేసి సంఖ్య

క్రోమోసోములు సాధారణంగా జతలుగా ఉంటాయి కనుక మొత్తం సరిసంఖ్య కావాలి. లిబెల్లులిడే మగ తూనీగలో 12 జతల సాధారణ క్రోమోసోములు, అంటే ఆటోసోములు 24, వాటికి తోడు జత లేని ఎక్స్ ఒకటి ఉంటాయి. ఆడదానిలో అవే 12 జతలకు రెండు ఎక్స్‌లు చేరి 26 అవుతాయి. కాబట్టి సూక్ష్మదర్శిని క్రింద లెక్కపెట్టినప్పుడు బేసి సంఖ్య రావడమే అది మగ కణమని చెప్పడానికి చాలు. ఇస్నిడే కుటుంబంలోని పెద్ద తూనీగలలో మగవాటి సంఖ్య సాధారణంగా 27, గొంఫిడే కుటుంబంలో 23. సంఖ్యలు మారినా బేసితనం మారదు.

శుక్రకణాలు ఏర్పడేటప్పుడు ఈ ఒంటరి ఎక్స్ సగం కణాలకే అందుతుంది. ఎక్స్ అందిన శుక్రకణంలో 13, అందనిదానిలో 12 క్రోమోసోములు ఉంటాయి. అండాలన్నిటిలో 13 ఉంటాయి. 13తో 13 కలిస్తే ఆడ, 13తో 12 కలిస్తే మగ. మానవులలో వలెనే ఇక్కడ కూడా సంతానం ఆడా మగా అన్నది నిర్ణయించేది తండ్రి బీజకణమే. ఆడపిల్లను కన్నదని తల్లిని నిందించే దురాచారానికి తూనీగలలోనూ ఆధారం దొరకదు.

పోలిక ఇంతవరకే. మానవులలో మగ లక్షణానికి కారణం వై క్రోమోసోము మీద ఉన్న ఎస్.ఆర్.వై. అనే జన్యువు, దీనిని 1990లో గుర్తించారు. అందుచేత ఒకే ఎక్స్ ఉండి వై లేని మానవ శిశువు ఆడశిశువే అవుతుంది. ఆ స్థితినే టర్నర్ సిండ్రోమ్ అంటారు. తూనీగలో సరిగ్గా అదే ఏర్పాటు ఆరోగ్యవంతమైన మగ తూనీగనిస్తుంది. ఒక క్రోమోసోము ఉండటం వల్ల కాక, రెండవ ఎక్స్ లేకపోవడం వల్ల మగ లక్షణం కలుగుతున్నదన్న మాట.

పరిశోధన చరిత్ర

ఎక్స్ అన్న పేరు పుట్టింది ఒక కీటకం వల్లనే. 1891లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెంకింగ్ ఒక ఎర్రనల్లిలో శుక్రకణాలను పరిశీలిస్తూ, సగం కణాలకే చేరే ఒక ముద్దను చూశాడు. అదేమిటో తేలక ఎక్స్ అని గుర్తు పెట్టాడు. దానికి లింగ నిర్ధారణతో సంబంధం ఉందని 1902 నాటికి మెక్‌క్లంగ్ ప్రతిపాదించాడు. 1905లో నెటీ స్టీవెన్స్, ఇ. బి. విల్సన్ వేరువేరుగా ఈ విషయాన్ని స్థిరపరచారు. తూనీగల వంతు వెంటనే వచ్చింది. అమెరికాలో అనాక్స్ జూనియస్ అనే తూనీగ క్రోమోసోములపై లెఫెవ్ర్, మెక్‌గిల్‌ల పరిశోధన 1908లో వెలువడింది. భారతీయ తూనీగలపై జె. జె. ఆసనా, జపాన్ శాస్త్రజ్ఞుడు సజిరో మకినో కలిసి 1935లో తులనాత్మక అధ్యయనం ప్రచురించారు.

విరిగినా పోని క్రోమోసోములు

మన క్రోమోసోములలో సెంట్రోమియర్ అనే బిందువు ఒకటి ఉంటుంది. కణవిభజనలో కండె పోగులు అక్కడే తగులుకొని క్రోమోసోమును లాగుతాయి. క్రోమోసోము విరిగితే సెంట్రోమియర్ లేని ముక్కను లాగేవారుండరు; అది నశిస్తుంది. తూనీగలలో అటువంటి ప్రత్యేక బిందువు లేదు. కండె పోగులు క్రోమోసోము పొడవునా తగులుకుంటాయి. కనుక విరిగిన ముక్క కూడా స్వతంత్రంగా కొనసాగగలదు, రెండు క్రోమోసోములు అతుక్కున్నా విభజన సాఫీగా సాగగలదు.

ఈ లెక్కన తూనీగలలో క్రోమోసోముల సంఖ్య జాతి జాతికీ మారిపోవాలి. మార్పుకు హద్దులు నిజంగానే దూరంగా ఉన్నాయి. దక్షిణ అమెరికా జాతులలో మాక్రోథెమిస్ హెమిక్లోరా మగవాటిలో 6, ఆర్థెమిస్ నోడిప్లాగా మగవాటిలో 41 క్రోమోసోములు లెక్కించారు. అయినా ఇవి అపవాదాలు మాత్రమే. స్వేచ్ఛ ఇంత ఉండి కూడా అత్యధిక జాతులు 25, 27 వంటి పాత సంఖ్యలనే అంటిపెట్టుకొని ఉండటమే తూనీగల క్రోమోసోములలో అసలు విశేషం.

కొత్త వై ఎలా పుడుతుంది?

కొన్ని తూనీగలలో వై క్రోమోసోము ఉన్నది. యూరప్‌లోని ఇస్నా గ్రాండిస్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దీనిని ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు ఓక్సలా 1943లో వివరించాడు. దీని కుటుంబంలో మగవాటి సంఖ్య సాధారణంగా 27 కాగా, ఇందులో 26 మాత్రమే. ఒంటరి ఎక్స్ వెళ్ళి ఒక ఆటోసోముతో అతుక్కున్నది. ఆ అతుకుడు క్రోమోసోమును నవ ఎక్స్ అంటారు. ఆ ఆటోసోముకు జత అయినది అతకకుండా మిగిలిపోయింది. అప్పటినుండి అది తండ్రి నుండి కొడుకుకు మాత్రమే సంక్రమిస్తుంది కనుక దానిని నవ వై అన్నారు. 13 జతలు, ఒక ఎక్స్ ఉన్నచోట 12 జతలు, నవ ఎక్స్, నవ వై మిగిలాయి. మొత్తం ఒకటి తగ్గింది.

క్షీరదాలలో కథ దీనికి తలక్రిందులు. అక్కడ వై పాతది, దాదాపు 18 కోట్ల సంవత్సరాలుగా జన్యువులను పోగొట్టుకుంటూ వచ్చింది. తూనీగలోని నవ వై పాత వైకి అవశేషం కాదు. నిన్నటి వరకు ఆటోసోముగా ఉన్నదే. అయితే దానికీ అదే ముప్పు పొంచి ఉంది. నవ ఎక్స్‌తో జన్యు వినిమయం ఆగిపోతే వైలో చేరిన దోషాలు తొలగే దారి మూసుకుపోయి, అది క్రమేణా క్షీణిస్తుంది. పూర్తిగా పోతే ఆ జాతి మళ్ళీ ఎక్స్-జీరో పద్ధతికే చేరుతుంది, కాకపోతే ఒక జత ఆటోసోములు తక్కువగా.

45 కోట్ల ఏళ్ళ ఎక్స్

సూక్ష్మదర్శినితో క్రోమోసోములను లెక్కపెట్టగలం కాని, రెండు జాతుల ఎక్స్‌లు ఒకే మూలం నుండి వచ్చినవో కావో చెప్పలేము. దానికి జన్యువుల వరుస కావాలి. సన్నని తూనీగలలో ఒకటైన ఇస్క్నురా ఎలిగాన్స్ జన్యుపటం 2022లో క్రోమోసోముల స్థాయిలో వెలువడింది. అందులో 13 ఆటోసోములు, ఒక ఎక్స్ కనిపించాయి. అదే ప్రజాతికి చెందిన ఇస్క్నురా సెనెగలెన్సిస్ మన చెరువుల గట్ల మీది గడ్డిలో తరచు కనిపించే కీటకమే.

2023లో మెలిస్సా టూప్స్, బియాట్రిజ్ వికోసో అనే శాస్త్రజ్ఞులు తొమ్మిది కీటక క్రమాలలోనూ, కీటకాలకు దగ్గరి బంధువులైన స్ప్రింగ్‌టెయిల్‌లలోనూ ఎక్స్ మీది జన్యువులను పోల్చి చూశారు. సీతాకోకచిలుకల క్రమాన్ని మినహాయిస్తే అన్నిటిలోనూ ఎక్స్ ఒకే మూలానికి చెందినట్లు తేలింది. దీనిని బట్టి ఆ ఎక్స్ వయస్సు 45 కోట్ల సంవత్సరాలకు పైబడినది. అప్పటికి ఎగిరే కీటకమే లేదు. సీతాకోకచిలుకలు ఆ పాత ఎక్స్‌ను వదులుకొని, ఆడవాటిలో రెండు రకాల లైంగిక క్రోమోసోములుండే వేరే పద్ధతికి మారాయి. ఈగల వంశంలో ఎక్స్ మీది జన్యువులు బాగా తగ్గిపోయాయి, ఆ తరువాత అది తేలికగా స్థానం కోల్పోయింది. ప్రయోగశాలలలో పెంచే డ్రాసోఫిలా ఈగలో ఆ పాత ఎక్స్ నేడు నాలుగవ క్రోమోసోముగా, ఒక చిన్న చుక్క మాదిరిగా మిగిలి ఉంది.

జన్యువులు ఎక్కువగా ఉన్న ఎక్స్ ఎందుకు నిలిచిపోతుందో ఊహించడం కష్టం కాదు. మగ తూనీగ తన ఒక్క ఎక్స్‌తోనే ఆడదాని రెండు ఎక్స్‌ల పనిని నెట్టుకురావాలి. ఆ వ్యత్యాసాన్ని సరిచేసే ఏర్పాటును మోతాదు సవరణ అంటారు. ఇస్క్నురా ఎలిగాన్స్‌లో అటువంటి సవరణ ఉన్నట్లు 2021లో ప్రచురితమైన పరిశోధన చూపింది. వందలాది జన్యువులకు ఈ సవరణ ఒకసారి కుదిరిన తరువాత, ఆ క్రోమోసోమును తిరిగి మామూలు జతగా మార్చడమంటే కుదిరినదంతా చెడగొట్టుకోవడమే.